పదికి బదులు ముప్ఫై

ఆయన్ని అందరూ మీటరు మేస్త్రి అనేవారు. మోటారుసైకిళ్ళ వైరింగు చేసేవాళ్ళు ఆ వీధిలో మరో ఇద్దరున్నారు. వాళ్ళు సీటు ఎత్తగానే కత్తెర అందుకుంటారు. ఈయన అలా కాదు. చిన్న బల్బు మాడిపోయిందని బండి తెచ్చినా సరే, ముందు మీటరు బయటికి తీసి, దాని సూదులు రెండూ వైర్లకి ఆనించి, ముల్లు ఎంత కదిలిందో చూసుకుంటే గాని చెయ్యి పెట్టడు. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. ఎర్ర వైరు ఎదురుగా కనపడుతుంటే దాని నాడి చూడటం దేనికని ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వేసి, రంగును నమ్మకూడదనీ, పాత మేస్త్రి ఎవడో చేతికందిన వైరు వేసి పోయి ఉంటాడనీ, కరెంటు మాత్రం అబద్ధం చెప్పదనీ అనేవాడు.

అది నిజమే, కాని సగం నిజం. మిగతా సగం ఏమిటంటే ఆయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనిపిస్తాయి. రెండూ బురదనీళ్ళ రంగే. నీలం తెలుస్తుంది, పసుపు తెలుస్తుంది, ఆ రెండింటి దగ్గరే తికమక.

పంతొమ్మిదో ఏట రైలు నడిపే ఉద్యోగానికి అన్ని పరీక్షలూ గట్టెక్కి, ఆఖరున కళ్ళ డాక్టరు ముందు కూర్చున్నాడు. డాక్టరు చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి అంకె చదవమన్నాడు. కుర్రవాడికి ఇసక పోసినట్టు చుక్కలే తప్ప అంకె కనపడలేదు. పేజీ తర్వాత పేజీ తిప్పారు. డాక్టరు మొదట వేళాకోళమనుకున్నాడు, తర్వాత జాలిగా పుస్తకం మూసేశాడు. ఇంటికొచ్చాక తండ్రి చుట్టాలందరికీ అబ్బాయి లెక్కల్లో తప్పాడని చెప్పాడు. లెక్కల్లో తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు, కళ్ళల్లో తప్పాడని తెలిస్తే పిల్లనెవరిస్తారని ఆయన బెంగ. తల్లి కూడా ఈ మాట బయట పొక్కనీయొద్దని గట్టిగా చెప్పింది. అలా అది దాచుకోవలసిన సంగతి అయింది. అలవాటైపోయాక ఎందుకు దాస్తున్నాడో ఆయనే ఆలోచించడం మానేశాడు.

వైరింగు పనిలోకి రావడం ఆయన కోరుకున్నది కాదు. దూరపు చుట్టం ఒకాయన షెడ్డులో అప్పుడు ఖాళీ ఉన్నది ఆ బల్ల ఒక్కటే. మొదటి ఆరు నెలలూ నరకం. ఆ తర్వాత మీటరు చేతికి వచ్చింది. రంగు చూసి పని చేసేవాళ్ళు రంగు మోసం చేసినచోట బోల్తా పడేవారు. ఈయన కళ్ళను నమ్ముకోలేదు గనుక బోల్తా పడలేదు. చూస్తుండగానే మంచి పనివాడన్న పేరొచ్చింది.

ఇంట్లో ఈ సంగతి భార్యకు తెలుసు. ఆవిడ దర్జీ పని చేస్తుంది. పెళ్ళయిన రెండో నెలలో టమోటాలు తెమ్మంటే ఆయన అంగట్లో ఒక్కొక్క కాయనీ వేళ్ళతో నొక్కి ఏరడం చూసింది. ఇంటికొచ్చాక సంచీ విప్పి, పచ్చికాయ ఒకటి, పండుకాయ ఒకటి ఆయన ముందు పెట్టి, తేడా ఏమిటో చెప్పమంది. ఆయన చెయ్యి మళ్ళీ వాటిని నొక్కడానికే పోయింది. ఆవిడ రెట్టించలేదు. మర్నాటి నుంచి కూరలు తనే తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా అంతకు మించి నలగలేదు. ఆవిడ తమ్ముడు, అంటే మేస్త్రి బావమరిది, ఇంజను పనివాడు. ఇద్దరూ కలిసి ఒకే షెడ్డు పెట్టుకున్నారు. ఎడమ సగంలో ఇంజన్లు, కుడి సగంలో వైర్లు. ముప్ఫై ఏళ్ళు పక్కపక్కనే పనిచేసినా బావమరిదికి ఈ సంగతి తెలియదు.

ఆ షెడ్డుకి ఒకరోజు పొద్దున్నే పశువుల డాక్టరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, పొడగరి, మాట తక్కువ. ఊళ్ళన్నీ మోటారుసైకిలు మీదే తిరుగుతుంది. ముందు రెండు అదనపు దీపాలు, పశువులు పక్కకి తప్పుకోవడానికో పెద్ద హారను, ఫోనుకి చార్జరు, వెనక టీకా మందులు చల్లగా ఉంచే పెట్టె. అది కూడా బండి బ్యాటరీ మీదే నడుస్తుంది. ఒక్కొక్కటీ ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్కరి చేత పెట్టించుకుంది. ఇప్పుడు హారను కొడితే దీపాలు గుడ్డివవుతున్నాయనీ, రెండ్రోజులు బండి తీయకపోతే బ్యాటరీ చచ్చిపోతోందనీ చెప్పింది.

మేస్త్రి సీటు ఎత్తి చూశాడు. పిచ్చిక గూడు పెట్టినట్టుంది లోపల. బ్యాటరీ బోల్టు మీద ఆరు వైర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. బోల్టుకి పట్టు చాలక మరలో సగమే దిగింది. కొన్నిటికి ఫ్యూజు ఉంది, కొన్నిటికి లేదు. చార్జరు తాళంతో పని లేకుండా నేరుగా తగిలించి ఉంది, అందుకే పగలూ రాత్రీ బ్యాటరీని పీలుస్తోంది.

"ఒకే కుళాయికి ఆరు గొట్టాలు తొడిగినట్టుందమ్మా" అన్నాడు. "ఇవన్నీ పీకేసి చిన్న ఫ్యూజు పెట్టె ఒకటి పెడతాను. బ్యాటరీ నుంచి లావు వైరు ఒక్కటే వస్తుంది, దాని మొదట్లో పెద్ద ఫ్యూజు. మధ్యలో రిలే ఉంటుంది, మీరు తాళం తిప్పితేనే అది కరెంటు వదులుతుంది. పెట్టెలోంచి ఒక్కొక్కదానికీ విడివిడిగా వైరు, విడివిడిగా ఫ్యూజు. హారనుకి ఏదైనా అయితే హారను ఒక్కటే ఆగుతుంది. మీ మందుల పెట్టె ఆగదు."

ఫ్యూజు అసలు ఎందుకని ఆవిడ అడిగింది. వైరుకి అది కాపలా అనీ, ఎక్కడైనా కరెంటు అడ్డదారి పట్టి వైరు వేడెక్కితే, వైరు కాలేలోపు తాను కాలిపోయి దారి మూసేస్తుందనీ చెప్పాడు. అందుకే ఏ వైరుకి ఎంత ఫ్యూజో అంతే వెయ్యాలి, పెద్దది వేస్తే కాపలావాడు నిద్రపోతున్నట్టే.

ఆ రోజంతా ఆ బండే. డాక్టరమ్మ బల్ల మీద కూర్చుని తన రికార్డులు రాసుకుంటూ మధ్యమధ్య తలెత్తి చూసింది. ఆయన పాత వైర్లన్నీ విప్పి నేలమీద పరిచాడు. ఒక్కొక్కటీ ఎక్కణ్ణుంచి ఎక్కడికో మీటరుతో తేల్చుకుని కాగితపు చీటీ కట్టాడు. సీటు కింద అల్యూమినియం రేకు ముక్క బిగించి, దానిమీద అరచేతంత ఫ్యూజు పెట్టె కూర్చోబెట్టాడు. వైరు చివరలకి చిన్న ఇత్తడి కొనలు తొడిగి నొక్కి, ప్రతిదాన్నీ ఒకసారి గట్టిగా లాగి చూశాడు. హ్యాండిలు తిరిగేచోట కాస్త వదులు ఉంచాడు. అన్నీ సర్దాక లోపల నల్లటి జడ అల్లినట్టు ఒక్క కట్ట కనిపించింది.

చివర్లో ఫ్యూజులు బిగించాడు. చార్జరుకి ఐదు ఆంపియర్లది, హారనుకి పదిహేను, దీపాలకి పది, మందుల పెట్టెకి పది. అప్పటికి మధ్యాహ్నం దాటింది. ఎక్కడో ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఫోను వస్తే డాక్టరమ్మ లేచి నిలబడింది. ఆయన గబగబా మీటరు ఆనించాడు. అన్నిటికీ కరెంటు వస్తోంది. తాళం తీస్తే అన్నీ ఆగుతున్నాయి. ఆవిడ ఆ కట్టను ఒకసారి వేలితో తాకి, బాగుందని తలూపి, వెళ్ళిపోయింది. ఆ పూట ఆయనకి కడుపు నిండినట్టయింది.

రెండు నెలలు గడిచాయి. ఒక మిట్టమధ్యాహ్నం ఆ బండి చిన్న లారీ మీద షెడ్డుకి వచ్చింది. డాక్టరమ్మ ముందు సీట్లోంచి దిగింది. కుడిచేతి వేళ్ళకి కట్టు ఉంది. బండి దింపుతుంటేనే కాలిన ప్లాస్టిక్కు వాసన కొట్టింది.

జరిగింది ఆవిడ నిదానంగానే చెప్పింది. కొండవార పల్లెకి దూడల టీకాలు పట్టుకెళ్తోందట. దారిలో తొడల కింద వెచ్చగా అనిపించి, ఎండ అనుకుందట. తర్వాత పొగ. బండి ఆపి, కంగారులో తాళం తీయకుండానే సీటు ఎత్తేసరికి వైరు తొడుగు కరిగి కారుతోంది. ఉత్త చేత్తో పట్టుకుని లాగేసింది. అక్కడితో ఆగింది గాని, మందులు ఎండకి పాడయ్యాయి. పనులు మానుకుని పశువుల్ని తోలుకొచ్చిన జనం ఉత్త చేతులతో వెనక్కి పోయారు. ఎలుక కొరికి ఉంటుందని తన అనుమానమంది. ఆయన్ని ఒక్క మాట అనలేదు.

బావమరిది ఇంజను వదిలేసి వచ్చి, ఎలుకే అయ్యుంటుందన్నాడు. మా బావ చేసిన పనిలో వంక పెట్టడానికి ఉండదని కూడా అన్నాడు. ఆ మాటకి మేస్త్రి తలెత్తలేదు. సీటు కింద చూస్తున్నాడు.

ఎలుక కాదు. మందుల పెట్టె వైరు సీటు బిగింపు పక్కనుంచి పోతుంది. అక్కడి క్లిప్పు విరిగి, రాళ్ళ దారుల్లో అదిరి అదిరి, తొడుగు ఒరుసుకుపోయి, లోపలి రాగి ఇనుముకి తగిలింది. అది ఎవరి బండిలోనైనా జరగొచ్చు. ఫ్యూజు ఉన్నదే అందుకు. తగిలిన మరుక్షణం అది పోవాలి. ఫ్యూజు పెట్టె మూత తీశాడు. ఫ్యూజు చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది.

దాన్ని గోళ్ళతో పీకి అరచేతిలో వేసుకున్నాడు. చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్కు ముక్క, నెత్తిన చిన్న అంకె. రంగు ఆయనకి ఎటూ తెలియదు. ఇన్నేళ్ళూ అంకె చదివే నెట్టుకొచ్చాడు. ఏడాదిగా ఆ అంకె కూడా అలికినట్టు కనపడుతోంది. అద్దాలు ఉన్నాయి గాని చెమటకి జారుతున్నాయని సగం రోజులు ఇంట్లో కుట్టుమిషను మీదే ఉంటాయి. ఫ్యూజులు వేసిన రోజూ లేవు, ఇవాళా లేవు. వెలుగులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. అప్పటికే లోపల ఏదో తెలిసిపోయింది. అయినా డాక్టరమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"దీనిమీద అంకె ఎంతుందో చూడండమ్మా."

"ముప్ఫై" అందావిడ.

"రంగు?"

ఆవిడ విచిత్రంగా చూసింది. "ఆకుపచ్చ. ఎందుకు?"

ఇక్కడ ఆయన ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆవిడకి ఫ్యూజుల లెక్క గుర్తు లేదు. బావమరిది ఎలుకేనని తేల్చేశాడు. వైరు మార్చి, సరైన ఫ్యూజు వేసి పంపితే అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన ఆయనకి రాలేదని చెప్పడానికి లేదు. వచ్చింది. కాసేపు మనసులో నిలబడింది కూడా. కాని కళ్ళెదుట ఆ వేళ్ళ కట్టు ఉంది.

"పది ఉండాలి దీంట్లో" అన్నాడు. "పది ఎర్రగా ఉంటుందట. ముప్ఫై ఆకుపచ్చగా ఉంటుందట. నాకు రెండూ ఒక్కలాగే ఉంటాయమ్మా. అంకె చూసి వేస్తాను. ఏడాదిగా అంకె కూడా సరిగ్గా ఆనడం లేదు. పదుల డబ్బాలో ముప్ఫై ఎప్పుడు కలిసిందో, చూసుకోకుండా వేసేశాను. వైరు కాలడం నా వల్లే."

పక్కన బావమరిది చేతిలో స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. డాక్టరమ్మ ఆ ఫ్యూజును తిప్పి చూసి, ఎప్పటినుంచి ఇలా అని అడిగింది. పుట్టినప్పటినుంచీ అన్నాడు. ఆవిడ ముఖంలోకి కోపం మెల్లగా వచ్చింది.

"నేను చెయ్యి పెట్టి లాగాను కాబట్టి సరిపోయింది. ఆ సీటు ముందే పెట్రోలు ట్యాంకు ఉంది" అంది. తర్వాత ఆయన ఊహించని మాట అడిగింది. "ఈ ఏడాదిలో ఇంకా ఎన్ని బళ్ళకి వేశారు?"

తన తప్పు ఒప్పుకోవడమే పెద్ద పనని అంతవరకూ అనుకుంటున్నాడు. ఆ తప్పు ఇంకా ఎన్ని సీట్ల కింద కూర్చుని ఉందో తట్టనే లేదు.

డాక్టరమ్మ బండి అక్కడే వదిలి వెళ్ళాక బావమరిది తలుపు దగ్గరికి వేశాడు. అరుస్తాడేమోననుకుంటే అరవలేదు.

"ముప్ఫై ఏళ్ళుగా ఒకే తలుపు తీస్తున్నాం బావా" అన్నాడు. "నన్నడిగితే అంకె చదివి పెట్టనా?"

ఇద్దరూ చెరో బల్ల మీద కూలబడ్డారు. చివరికి బావమరిదే దారి చెప్పాడు. ఊరికే సర్వీసు చేస్తామని చెప్పి బళ్ళన్నీ రప్పిద్దాం, ఫ్యూజులు చూసి పంపేద్దాం, కళ్ళ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. షెడ్డు పేరు పోతే ఇద్దరి పొయ్యీ ఆరిపోతుంది కదా. మేస్త్రికీ ఆ మాట సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ మిషను ఆపకుండానే విన్నది. కుట్టు అంచుదాకా వచ్చాక దారం తెంపి, "ఊరికే సర్వీసంటే తీరికున్నప్పుడు వస్తారు. కొందరు అసలు రారు" అంది. "ఉన్నదున్నట్టు చెప్పండి. ఇవాళే వస్తారు."

మర్నాడు షెడ్డు ముందు పలక వేలాడింది. రాసింది ఆవిడే. ఏడాదిగా ఇక్కడ ఫ్యూజులు వేయించుకున్నవారు వెంటనే బండి చూపించుకోవాలనీ, మేస్త్రికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదనీ, పొరపాటు జరిగి ఉండవచ్చనీ అందులో ఉంది. తన గురించి తన గుమ్మంలోనే అలా రాసి ఉండటం చూసి మేస్త్రికి బట్టలు విప్పి నిలబెట్టినట్టనిపించింది. రెండుసార్లు దాన్ని లోపలికి తెచ్చేయాలనిపించింది. బావమరిది మాత్రం ఫోను పట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రికి మనుషుల పేర్లు గుర్తుండవు గాని బళ్ళు గుర్తుంటాయి. రొట్టెల బుట్ట కట్టిన బండి, హ్యాండిలు ఒక పక్కకి లాగే బండి, హారను గొంతు పోయిన బండి అంటూ ఆయన చెబుతుంటే, బావమరిది అది ఎవరిదో పోల్చుకుని ఫోను చేసేవాడు.

తొమ్మిది రోజుల్లో నలభై బళ్ళ దాకా వచ్చాయి. భార్య కుట్టుపని పక్కన పెట్టి షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన ఫ్యూజు పీకి ఇస్తాడు, ఆవిడ అంకె పైకి చదువుతుంది, ఆయన సరే అని మళ్ళీ బిగిస్తాడు. వచ్చినవాడల్లా తన చొక్కా ఏ రంగో చెప్పమన్నాడు. మొదటిరోజు ఆ మాటకి ఆయన ముఖం మాడ్చుకున్నాడు. మూడోరోజుకి, "బాగా మాసిన రంగు" అని చెప్పడం నేర్చుకున్నాడు. ఇద్దరు మాత్రం నవ్వలేదు. ప్రాణాలతో చెలగాటమాడావని నలుగురిలో కడిగేసి, బళ్ళు తీసుకుపోయి మళ్ళీ రాలేదు. వాళ్ళు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

రెండు బళ్ళలో తేడా దొరికింది. ఒకదాంట్లో పదికి బదులు ఏడున్నర పడింది, దానివల్ల ప్రమాదం లేదు. రెండోది రొట్టెలమ్మే ఆయన బండి. దీపం వైరుకి ముప్ఫై. భార్య ఆ అంకె చదివి ఆగిపోయింది. రొట్టెలాయన ఇద్దరు ఆడపిల్లల్నీ ఆ బండి మీదే బడికి దింపుతాడు. మేస్త్రి ఆ ఫ్యూజు మార్చి, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

డాక్టరమ్మ బండికి మళ్ళీ మొదటినుంచీ పని చేశాడు. ఈసారి వైరు లావుది వేసి, సీటు బిగింపు దగ్గర రబ్బరు గొట్టం తొడిగాడు. ఆవిడ వచ్చి పక్కనే కింద కూర్చుంది. ప్రతి ఫ్యూజూ తనే చదివి అందించింది. వెళ్ళబోతూ, పల్లెలో టీకాలకి మళ్ళీ రోజు పెట్టాననీ, పెట్టె మోయడానికీ దూడల్ని పట్టుకోవడానికీ మనిషి కావాలనీ అంది. పిలుస్తోందో శిక్ష వేస్తోందో అర్థం కాలేదు. వెళ్ళాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దూడల మెడలు పట్టుకుని వాటి తన్నులు తిన్నాడు. మొదటిసారి మందులు పాడవడానికి కారణం తనేనని అక్కడివాళ్ళకి చెప్పాడు. వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ముసలావిడ ఒకామె మాత్రం ఆ రోజు తన పని చెడిందని పది నిమిషాలు తిట్టి, తర్వాత తాగడానికి నీళ్ళిచ్చింది.

ఇప్పుడు షెడ్డులో ఫ్యూజు ఏదైనా ఇద్దరు చదివాకే దిగుతుంది. బావమరిది ఇంజను నూనె చేతుల్తోనే వచ్చి అంకె చదివి పోతాడు. అద్దాలకి భార్య తాడు కుట్టి మెడలో వేసింది.

ఒక్క బండి మాత్రం రాలేదు. ఈ తప్పు బయటపడక ముందు, వానలు మొదలైన రోజుల్లో ఎటో పోతూ ఒక జంట షెడ్డు దగ్గర ఆగారు. రెండు పక్కలా సామాను, దీపం వెలగడం లేదు. ఆయన తెగిన వైరు అతికించి, ఫ్యూజు మార్చి పంపాడు. ఎక్కడివాళ్ళో అడగలేదు. ఆ వేసింది పదో ముప్ఫైయో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. పదే అయ్యుంటుందిలే అంటాడు బావమరిది. అయ్యుండొచ్చు అంటాడు మేస్త్రి. కాని సామాను కట్టిన బండి ఏదైనా వీధిలో వెళ్తున్న చప్పుడైతే, చేతిలో పని వదిలి గుమ్మంలోకి వస్తాడు. అది దాటిపోయేదాకా చూసి లోపలికి వెళ్తాడు.